సంఘం చందాతో చిన్న వ్యాపారులకు ఉచిత న్యాయ సహాయం: కావలి ప్రశ్నకు ఒక వకీలు సమాధానం

కావలి నుంచి ఒక వ్యాపారుల సంఘం కార్యదర్శి అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది: "మా సంఘంలో 180 షాపులున్నాయి. కిరాణా, ఫ్యాన్సీ, మెకానిక్ షెడ్లు, టిఫిన్ సెంటర్లు, రెండు మూడు ఫర్నిచర్ తయారీ యూనిట్లు. బాకీలు వసూలుగాక, చెక్కులు బౌన్సయి, జీఎస్టీ నోటీసులొస్తే ఏం చేయాలో తెలియక మావాళ్లు నలిగిపోతున్నారు. లాయరు గడప తొక్కాలంటేనే టెన్షన్. మా ఊరి మిల్లు యజమాని ఒకాయన ఏడాదికి 2 లక్షలు ఇస్తానన్నారు, మిగతాది చందా వేసుకుంటాం. నెలజీతానికి ఒక లాయరును పెట్టుకొని అందరి కేసులూ ఉచితంగా నడిపించవచ్చా? సభ్యులు కానివాళ్లకు కూడా చేయాలా?"

కార్యదర్శి గారూ, నేను ఒంగోలులో చాలా ఏళ్లుగా సివిల్ వైపు ప్రాక్టీసు చేస్తున్నాను. మీలాంటి సంఘాలు ఇలాంటి ఏర్పాట్లు మొదలుపెట్టినప్పుడు పక్కన కూర్చుని చూశాను. కొన్ని నిలబడ్డాయి, కొన్ని ఏడాది తిరక్కుండానే మూతపడ్డాయి. నిలబడ్డవాళ్లు డబ్బంతా కోర్టు గుమ్మానికి ఇవతలే ఖర్చుపెట్టారు. మూతపడ్డవాళ్లు దావాలు నడిపించబోయారు. మీకు నేను చెప్పదలచుకున్న అసలు విషయం ఇదే, మిగతావన్నీ దీని చుట్టూ తిరిగేవే.

ముందు జీతం సంగతి. అది కుదరదు. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమాల్లో 49వది చూడండి. ప్రాక్టీసులో ఉన్న న్యాయవాది ఎవరి దగ్గరా పూర్తికాలం జీతగాడిగా ఉండకూడదు. ఉద్యోగంలో చేరితే ప్రాక్టీసు ఆపాలి, ఆపితే మీ తరఫున కోర్టులో నిలబడలేరు. అప్పుడు ఆ జీతం దేనికి? రిటైనర్ పద్ధతికి మాత్రం అడ్డు లేదు. వారానికి ఒక పూట మీ ఆఫీసులో కూర్చుంటారు, నోటీసులు రాస్తారు, ఇంత అని మాట్లాడుకుంటారు, తన మిగతా ప్రాక్టీసు తను చేసుకుంటారు. కాగితం మీద రాసుకునేటప్పుడు 'జీతం' అన్న మాట రానివ్వకండి, పనివేళలు, హాజరు పట్టీ లాంటివి పెట్టకండి.

ఇంకో రెండు నియమాలు కూడా గుర్తుంచుకోవాలి. లాయర్లు ప్రకటనలు చేసుకోకూడదు, అది 36వ నియమం. మన జిల్లాల్లో ఏం మొదలుపెట్టినా ముందు ట్రంకు రోడ్డు మీద ఫ్లెక్సీ లేస్తుంది. దాని మీద దాత ఫొటో వేసుకోండి, సంఘం అధ్యక్షుడి ఫొటో వేసుకోండి, లాయరు ఫొటో, పేరు మాత్రం వద్దు. ఆయన సన్నదుకే, అంటే లాయరుగా పనిచేసే అనుమతికే, ముప్పు. అలాగే లాయరు తన ఫీజును లాయరు కానివాళ్లతో పంచుకోకూడదు. కాబట్టి 'మేము కేసులు పంపిస్తాం, వచ్చిన ఫీజులో సంఘానికి ఇంత ఇవ్వండి' అనే బేరం పెట్టుకోకండి.

ఇప్పుడు 'అందరి కేసులూ నడిపించడం' అన్నదాని దగ్గరికి వద్దాం. బాకీ వసూలుకు ఒక దావా వేశారనుకోండి. దావా మొత్తాన్ని బట్టి కోర్టు ఫీజు, తర్వాత వాయిదాలు, సాక్ష్యాలు, డిక్రీ (కోర్టు తీర్పు) వచ్చాక దాన్ని అమలు చేయించడానికి మళ్లీ ఈపీ అనే ఇంకో పిటిషను. ఏళ్లు పడుతుంది. కోర్టులో ఓడినవాడు అక్కడే ఏడిస్తే గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడ్చాడని మనవాళ్లు ఊరికే అనలేదు. మీ 2 లక్షలు అయిదారు దావాలకే చాలవు. ఆ అయిదారుగురూ ఎవరు? సంఘంలో కాస్త గొంతున్నవాళ్లు. మిగతా 170కి పైగా షాపులవాళ్లు రెండో ఏడాది చందా ఎందుకిస్తారు?

అదే డబ్బును మొదటి నెల రోజుల మీద పెడితే ఏమవుతుందో ఒక చెక్కు కథ చెబుతాను. చీమకుర్తిలో గ్రానైట్ ఫ్యాక్టరీలకు కటింగ్ బ్లేడ్లు, పాలిష్ సామాను అమ్మే చిన్న షాపాయన ఏప్రిల్ చివర్లో నా దగ్గరికి వచ్చారు. క్యారీబ్యాగులో బిల్లులు, 1,85,000 రూపాయల చెక్కు, దానికి గుండుసూదితో గుచ్చిన బ్యాంకు మెమో. ఖాతాలో డబ్బు లేదని చెక్కు తిరిగొచ్చింది. నేను మొదట చూసింది మెమో మీద తేదీ: మార్చి 4. చట్టం ప్రకారం బ్యాంకు నుంచి ఆ కబురు అందిన 30 రోజుల్లోపు చెక్కు ఇచ్చినవాడికి రాతపూర్వకంగా నోటీసు పంపాలి. ఆ గడువు దాటిపోయింది. "వచ్చేవారం వేస్తానన్నాడు సార్, మాట మీద ఆగాను" అన్నారాయన. ఈ నోటీసు ఆలస్యాన్ని కోర్టు కూడా మాఫీ చేయలేదు. కేసు వేయడంలో జరిగిన ఆలస్యానికైతే కారణం చెప్పుకోవచ్చు, నోటీసుకు ఆ వీలు లేదు.

అప్పుడు చెక్కు మీద తేదీ చూశాను. ఫిబ్రవరి 25. చెక్కుకు మూడు నెలల ఆయుష్షు ఉంటుంది, ఇంకా నెల దాకా మిగిలే ఉంది. ఆ గడువులో చెక్కును మళ్లీ బ్యాంకులో వేయవచ్చు, మళ్లీ తిరిగొస్తే ఆ రెండో మెమో నుంచి కొత్తగా 30 రోజులు లెక్క మొదలవుతుంది. ఎంఎస్ఆర్ లెదర్స్ కేసులో సుప్రీంకోర్టు 2012లో తేల్చిన విషయం ఇది. మళ్లీ వేయించాం, మళ్లీ తిరిగొచ్చింది, ఈసారి ఆ వారంలోనే రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు వెళ్లింది. నోటీసు అందాక ఎదుటివాడికి 15 రోజుల టైం ఉంటుంది. ఆ లోపే సగం కట్టాడు. మిగతాదానికి గడువు దాటిన నెలలోపు కేసు వేశాం, లోక్ అదాలత్‌లో రాజీ అయింది. ఆయన ఇంకో నెల ఆగి వచ్చి ఉంటే చెక్కు చిత్తు కాగితమే, సివిల్ దావా తప్ప దారి ఉండేది కాదు.

ఈ మొత్తంలో లాయరు పని ఎంత? తేదీలు చూడటం, ఒక నోటీసు రాయడం, తర్వాత ఒక ఫిర్యాదు. మీ 2 లక్షలతో ఇలాంటివి ఏడాది పొడవునా చేయించవచ్చు. చెక్కు విషయంలో మీ సభ్యులకు ఇంకో మాట కూడా చెప్పండి. చెక్కు ఇచ్చినవాడు చెన్నైలో ఉన్నా, మీవాళ్ల ఖాతా కావలి బ్రాంచిలో ఉండి అక్కడ చెక్కు వేస్తే, కేసు కావలిలోనే వేసుకోవచ్చు. 2015లో చట్టం మార్చి ఈ వెసులుబాటు ఇచ్చారు. చాలామంది ఇప్పటికీ అవతలివాడి ఊరికి తిరగాలేమో అని చెక్కును డ్రాయర్లో పడేస్తున్నారు.

కాబట్టి మీరు పెట్టుకోవలసింది వారానికి ఒక పూట, ఒక బల్ల, ఒక రిజిస్టరు. రిజిస్టరులో పేరు, షాపు, సమస్య అందరూ రాస్తారు. వాటి పక్కన 'ఆఖరు తేదీ' అని ఒక గడి గీయించండి. చెక్కుకు మెమో అందిన రోజు నుంచి 30 రోజులు. అరువు సరుకు బాకీకి మూడేళ్లు. జీఎస్టీ ఉత్తర్వు మీద అప్పీలుకు మూడు నెలలు. బ్యాంకువాళ్లు తాకట్టు ఆస్తి స్వాధీనానికి దిగితే డెట్ రికవరీ ట్రిబ్యునల్‌కు పోవడానికి 45 రోజులు. మీ గుమాస్తా సోమవారం పొద్దున్నే ఆ గడి మాత్రం పైనుంచి కిందికి చూసి దగ్గరపడ్డవాళ్లకు ఫోన్ చేస్తే, లాయరు చేసే పనిలో సగం అయిపోయినట్టే.

బాకీల గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, మీ 180 షాపుల ఏడుపంతా అక్కడే ఉంటుంది కాబట్టి. మీవాళ్లు నోటీసుకు వెనకాడేది ఖర్చు ఒక్కదానికే కాదు, 'నోటీసు పోయిందంటే ఆ గిరాకీ మళ్లీ గుమ్మం తొక్కదు' అన్న భయం కూడా. ఆ భయం నిజమే. అందుకే లాయరు నోటీసుకు ముందు ఇంకో మెట్టు పెట్టుకోండి. సంఘం లెటర్‌ప్యాడ్ మీద, ఎవరినీ నొప్పించని మాటల్లో, ఫలానా బిల్లుల తాలూకు ఇంత బాకీ కనిపిస్తోంది, లెక్క సరిచూసి తెలియజేయగలరు అని ఒక ఉత్తరం. డబ్బు కట్టమని కూడా అడగక్కర్లేదు. దానికి అవతలివాడు 'అంత లేదు, 60 వేలే ఉంది' అని సంతకం పెట్టి జవాబిచ్చాడంటే మీ పని అయినట్టే. మూడేళ్ల గడువు ముగియకముందు బాకీని ఒప్పుకుంటూ సంతకంతో రాసిచ్చిన కాగితం ఉంటే, ఆ తేదీ నుంచి మళ్లీ మూడేళ్లు వస్తాయి. ఖాతా పుస్తకంలో అతని చేతే బాకీ మొత్తం, తేదీ రాయించి సంతకం తీసుకున్నా అంతే. ఫోన్లో "అన్నా, సంక్రాంతికి ఇస్తా" అని వచ్చిన మెసేజీ మీద మాత్రం పూర్తిగా ఆధారపడకండి. మెసేజీలు సాక్ష్యానికి పనికొస్తాయి గానీ వాటికి వేరే సర్టిఫికెట్ జతచేయాలి, ఆ ఫోను భద్రంగా ఉండాలి. కాగితం మీద సంతకంతో పోలిస్తే అది తిరకాసు వ్యవహారం.

తయారీ, సర్వీసు చేసేవాళ్లకు ఇంకా గట్టి ఆయుధం ఉంది. 2006 నాటి ఎంఎస్ఎంఈడీ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి) చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థ సరఫరా చేసిన సరుకుకు కొన్నవాడు ఒప్పందంలో రాసుకున్న గడువులో డబ్బివ్వాలి, ఆ గడువు 45 రోజులకు మించకూడదు. ఒప్పందమే లేకపోతే 15 రోజులు. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీ. ఇలాంటి బాకీల కోసం కేంద్ర ప్రభుత్వం పెట్టిన పోర్టల్లో ఫిర్యాదు పెడితే, ఈ తగాదాలు తేల్చే ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు వెళ్తుంది. అక్కడ ఓడినవాడు ఆ తీర్పును రద్దు చేయించుకోవడానికి కోర్టుకు పోవాలంటే ముందు 75 శాతం కట్టాలి. మీ ఫర్నిచర్ యూనిట్లకు ఇది వర్తిస్తుంది. ఉదయగిరిలో కొయ్య గరిటెలు, చెంచాలు చేసేవాళ్లకు వర్తిస్తుంది. మెకానిక్ షెడ్డువాడు ఒక ట్రాన్స్‌పోర్టు కంపెనీ లారీలు బాగుచేస్తే ఆ బిల్లుకూ వర్తిస్తుంది.

అయితే మీ కిరాణా, ఫ్యాన్సీ షాపులకు ఇది రాదు. 2021 జూలైలో చిల్లర, టోకు వ్యాపారులను కూడా ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న సంస్థలకు కేంద్రం ఇచ్చే నమోదు) లోకి తీసుకున్నారు గానీ బ్యాంకు రుణాల్లో ప్రాధాన్యం వరకే. పైన చెప్పిన వడ్డీ గానీ, కౌన్సిల్ దారి గానీ ఈ వ్యాపారులకు లేవు. చీమకుర్తి షాపాయన చేతిలో ఉద్యమ్ సర్టిఫికెట్ ఉన్నా చెక్కు దారినే పోవాల్సి వచ్చింది ఇందుకే. సంఘాల మీటింగుల్లో ఈ తేడా చెప్పకుండా అందరికీ 45 రోజుల్లో డబ్బొస్తుందని మైకులో చెప్పేస్తున్నారు, తర్వాత కౌన్సిల్ తిప్పి పంపితే లాయర్ని తిడుతున్నారు.

ఉద్యమ్ రిజిస్ట్రేషన్‌కు పైసా ఖర్చు లేదు. ఆధార్, పాన్, జీఎస్టీ ఉన్నవాళ్లకు ఆ నంబరు ఉంటే చాలు. నెట్ సెంటర్లలో, సర్కారు వెబ్‌సైటులా కనిపించే కొన్ని దొంగ సైట్లలో వందలూ వేలూ గుంజుతున్నారు. మీ బల్ల దగ్గరే ఒక కుర్రాడిని కూర్చోబెట్టి ఈ పని చేయించండి, అది కూడా సరుకు పంపకముందే. సరుకు పంపి, బాకీ పడ్డాక రిజిస్ట్రేషన్ చేయించుకుంటే పాత బిల్లులకు వర్తిస్తుందా లేదా అని కోర్టుల్లో పెద్ద రగడే నడిచింది. ఆ రగడలో మీవాళ్లు ఎందుకు ఇరుక్కోవాలి? ఇంకొకటి. 2024 ఏప్రిల్ నుంచి, తయారీ, సర్వీసు చేసే చిన్న సంస్థలకు గడువులోగా డబ్బివ్వని కొనుగోలుదారుకు ఆ ఏడాది ఆదాయపు పన్నులో ఆ ఖర్చు మినహాయింపు దొరకదు, కట్టిన ఏడాదే దొరుకుతుంది. కాబట్టి మార్చి నెలలో మీ ఫర్నిచర్ వాళ్ల చేత పెద్ద పార్టీలకు ఉద్యమ్ నంబరు వేసిన బాకీ చీటీ పంపించండి. ఆ చీటీ వాళ్ల ఆడిటర్ కంట పడితే చాలు, లాయరు నోటీసు కన్నా ముందు పని జరుగుతుంది.

ఇక మీ డబ్బు ఒక్క రూపాయి కూడా ఖర్చుపెట్టక్కర్లేని సభ్యులు మీలోనే ఉన్నారు. 1987 నాటి న్యాయ సేవల అధికార సంస్థల చట్టం, 12వ సెక్షన్. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, దివ్యాంగులకు ఆదాయం ఎంతున్నా ఉచితంగా లాయర్నిస్తారు, కోర్టు ఫీజు కూడా వాళ్లే భరిస్తారు. మిగతావాళ్లకు మన రాష్ట్రంలో ఏడాది ఆదాయం 3 లక్షల లోపు ఉండాలి. దానికి అఫిడవిట్ ఇస్తే చాలు, అధికారికి అనుమానం వస్తే తప్ప ఎమ్మార్వో ఆఫీసు చుట్టూ తిరగక్కర్లేదు. ఒంగోలులో పూటకూళ్ల ఇల్లు నడిపి కొడుకును చదివించిన టంగుటూరి ప్రకాశం గారి తల్లి సుబ్బమ్మ గారి రోజుల్లో ఈ చట్టం ఉండి ఉంటే, ఆమెకు రోజుకు ఎంత మిగులుతోందని అడక్కుండానే వకీలును ఇచ్చి ఉండేవారు. మీ టిఫిన్ సెంటర్లు, టైలరింగ్ షాపుల్లో ఎన్ని ఆడవాళ్ల పేరు మీద ఉన్నాయో చూడండి. సభ్యుల పుస్తకం ముందేసుకొని 12వ సెక్షన్‌లోకి వచ్చేవాళ్లందరికీ పెన్సిలుతో టిక్కు పెట్టండి. వాళ్లకు కోర్టు కేసు పడితే మీ లాయరు చేయాల్సింది ఒక పేజీ దరఖాస్తు నింపి మండల న్యాయ సేవాధికార కమిటీకి గానీ నెల్లూరులో జిల్లా సంస్థకు గానీ పంపడమే. 15100కు ఫోన్ చేసినా దారి చెబుతారు. సొంత పేరు మీద వ్యాపారం చేసేవాళ్లకే ఇది. ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ పేరుతో పోతే పని జరగదు.

'సర్కారు లాయరు సరిగా చూడడు' అని మీలో ఎవరో ఒకరు అంటారు. కొందరు బాగా చూస్తారు, కొందరు చూడరు, డబ్బులిచ్చి పెట్టుకున్న లాయర్లలోనూ అంతే. మీ రిజిస్టరులో ఆ కేసు వాయిదా తేదీ కూడా రాసుకుని, వాయిదాకు రెండు రోజుల ముందు ఆ సంస్థ ఇచ్చిన లాయరుకు కావలసిన బిల్లులు, రశీదులు అందేలా చూడండి. కాగితాలు సిద్ధంగా ఉన్న క్లయింటు కేసును ఏ లాయరూ నిర్లక్ష్యం చేయడు.

రాజీతో తగాదాలు తేల్చే లోక్ అదాలత్ కూడా ఆ న్యాయ సేవాధికార సంస్థదే. కోర్టులో కేసు వేయకముందే, ప్రీ లిటిగేషన్ కింద, బాకీ తగాదాను అక్కడికి తీసుకెళ్లవచ్చు. ఫీజు లేదు. ఇద్దరూ ఒప్పుకుంటే వచ్చే అవార్డు సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు ఉండదు. కోర్టులో నడుస్తున్న దావా అక్కడ రాజీ అయితే కట్టిన కోర్టు ఫీజు వెనక్కి వస్తుంది. జాతీయ లోక్ అదాలత్‌లు ఏడాదికి నాలుగు సార్లు, ఎక్కువగా రెండో శనివారం పెడుతున్నారు. మీ సంఘం ముందే జాబితా తయారుచేసుకుని పది ఇరవై బాకీలు ఒకేసారి పంపితే అవతలివాళ్లు కూడా వస్తారు. ఊళ్లో పదిమంది వస్తున్నచోటికి రాకపోతే నామోషీ. ఇంకో మాట: వ్యాపార లావాదేవీ 3 లక్షలు గానీ అంతకు మించి గానీ ఉంటే, అర్జెంటు ఉత్తర్వు కావాల్సిన సందర్భంలో తప్ప, ముందు మధ్యవర్తిత్వానికి పోకుండా దావా వేయడం కుదరదని సుప్రీంకోర్టు 2022లో స్పష్టం చేసింది. అదీ జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ద్వారానే జరుగుతుంది.

జీఎస్టీ నోటీసులకు లాయరు దాకా పోనక్కర్లేదు. మీ ఊళ్లోనే ఉన్న జీఎస్టీ ప్రాక్టీషనరో, ఆడిటరో సమాధానం రాయగలరు, అధికారి ముందు హాజరూ కాగలరు. నెలకోసారి మీ బల్ల దగ్గర కూర్చోమని అడగండి. అక్కడ అసలు సమస్య నోటీసు పోర్టల్లో పడి ఉండటం, చూసినవాడు లేకపోవడం. షాపు అద్దె విషయంలో 11 నెలల అగ్రిమెంటు అయిదేళ్లుగా తిరగరాయని వాళ్లుంటారు, అందరివీ ఒకసారి బయటికి తీయించండి. రోడ్డు పక్క బండ్లవాళ్లకైతే 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం ఉంది. సర్వే జరిగి సర్టిఫికెట్లు ఇచ్చేదాకా ఖాళీ చేయించకూడదని అందులో ఉంది, మున్సిపాలిటీకి ఒక అర్జీ చాలు. ఫైనాన్స్‌కు ఖాళీ చెక్కులు సంతకం పెట్టి ఇచ్చేవాళ్లను మాత్రం గట్టిగా మందలించండి. సంతకం మీదే అయితే మిగతా అక్షరాలు ఎవరు నింపారన్నది మిమ్మల్ని కాపాడదని 2019లో బీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పేసింది.

ఇప్పుడు దాత సంగతి. మిల్లు యజమాని అన్నారు. ఆయన మంచివారే కావచ్చు. కానీ మీ కిరాణా షాపుల్లో కొందరు ఆయనకే బాకీ ఉంటారు, అవునా? రేపు ఒక షాపువాడు ఆయన పంపిన నోటీసు పట్టుకుని మీ ఉచిత లాయరు దగ్గరికే వస్తాడు. అప్పుడు లాయరు ఎవరివైపు? డబ్బు ఎవరిచ్చినా లాయరుకు క్లయింటు ఆ బల్ల ముందు కూర్చున్న షాపువాడే. అతను చెప్పింది దాతకు గానీ, సంఘం అధ్యక్షుడికి గానీ, మీకు గానీ లాయరు చెప్పకూడదు. క్లయింటు చెప్పింది బయటపెట్టకూడదన్నది సాక్ష్య చట్టంలోనే ఉంది. దాతకు ఏడాదికోసారి ఎంతమంది వచ్చారు, ఎన్ని నోటీసులు పోయాయి, ఎంత ఖర్చయింది అన్న లెక్క చాలు. పేర్లు వద్దు. ఈ మాట చెక్కు తీసుకునే రోజే ఆయనకు చెప్పి, రాసి సంతకం తీసుకోండి. తర్వాత చెబితే అవమానంగా తీసుకుంటారు. దీనికి ఒప్పుకోకపోతే ఆ 2 లక్షలు వద్దనండి. 180 షాపులు నెలకు 100 రూపాయలు వేసుకుంటే ఏడాదికి 2,16,000 వస్తాయి, ఆయన ఇస్తానన్నదాని కన్నా ఎక్కువే. నన్నడిగితే చందాయే మేలు. చందా ఇచ్చిన సభ్యుడు అడుగుతాడు, పనిలో లోపం ఉంటే మొహం మీదే చెబుతాడు.

లాయరు కూడా ఒక్కరే అయితే చాలదు. సభ్యుల మధ్యే తగాదా వస్తే ఇద్దరికీ ఒకరే సలహా చెప్పలేరు. ఒకరికి సలహా ఇచ్చిన లాయరు అదే వ్యవహారంలో రెండోవారి తరఫున నిలబడకూడదు. ముగ్గురితో మాట్లాడి పెట్టుకోండి, వారం వారం వంతులు వేసుకుంటారు. అందులో ఒకరైనా నాలుగైదేళ్ల ప్రాక్టీసున్న జూనియర్ ఉండాలి. పెద్ద వకీళ్లు మాట ఇస్తారు గానీ శనివారం సాయంత్రం బల్ల దగ్గర కూర్చునేది జూనియర్లే. నెల్లూరు వి.ఆర్. లా కాలేజీ విద్యార్థులను కాగితాలు సర్దడానికి, రిజిస్టరు రాయడానికి పిలవవచ్చు, సలహా మాత్రం వాళ్ల చేత చెప్పించకండి.

వసూలైన బాకీలో సంఘానికి వాటా అడగొచ్చా అని మీ కమిటీలో ఎవరో తప్పకుండా అంటారు. లాయరైతే గెలుపు మీద శాతం తీసుకోకూడదు, నియమాలు ఒప్పుకోవు. లాయరు కానివాళ్లు కేసుకు పెట్టుబడి పెట్టి రాబడిలో వాటా తీసుకోవడం మన దేశంలో దానంతట అదే నేరం కాదు. 1876లోనే ప్రీవీ కౌన్సిల్ (బ్రిటిష్ కాలంలో మన ఆఖరి అప్పీలు కోర్టు) ఆ మాట అంది, 2018లో ఎ.కె. బాలాజీ కేసులో సుప్రీంకోర్టూ లాయర్లు కానివాళ్లకు నిషేధం లేదనే ధోరణిలో మాట్లాడింది. అలాగని మీరు ఆ దారిలో పోకండి. శాతం మొదలైన రోజు నుంచి పెద్ద బాకీలే బల్ల మీదికి వస్తాయి, 8 వేల రూపాయల టైలర్ బాకీని ఎవరూ పట్టించుకోరు. వసూలయ్యాక ఎవరైనా ఇష్టంగా ఇస్తే రశీదు రాసి తీసుకోండి, అంతే.

డబ్బు ఎక్కడ ఉండాలి? సంఘం రిజిస్టరు కాకపోతే 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద ఏడుగురు సభ్యులతో చేయించుకోవచ్చు. ఈ పనికి వేరే బ్యాంకు ఖాతా తెరవండి, వినాయక చవితి పందిరి డబ్బుతో కలపకండి. దాతకు పన్ను మినహాయింపు కావాలంటే 80జీ ఆమోదం కావాలి, సాయం సభ్యుల వరకే పరిమితమైతే అది దొరకడం కష్టం, మీ ఆడిటరుతో మాట్లాడండి. ఏర్పాటంతా తలకెత్తుకోవడం ఇష్టం లేని దాతకు ఇంకో దారి ఉంది. అదే 1987 చట్టం 17వ సెక్షన్ ప్రకారం జిల్లా న్యాయ సహాయ నిధికి ఎవరైనా విరాళం ఇవ్వవచ్చు, రాష్ట్ర సంస్థ ముందస్తు అనుమతితో జిల్లా సంస్థ తీసుకుంటుంది. ఆ డబ్బు చిన్న వ్యాపారులకే ఖర్చుపెట్టాలని మీరు షరతు పెట్టలేరు, అది తెలిసి ఇవ్వాలి.

మీ ఆఖరి ప్రశ్న, సభ్యులు కానివాళ్ల సంగతి. సలహా వరకు ఎవరొచ్చినా చెప్పించండి. బండి మీద ఇడ్లీలు అమ్మేవాడిని 'నీ రశీదేది' అని తిప్పి పంపితే ఊళ్లో మీ పేరే చెడుతుంది, పైగా వాళ్లలో చాలామంది 12వ సెక్షన్ కిందికి వచ్చేవాళ్లే, మీకు దరఖాస్తు కాగితం ఖర్చు తప్ప ఇంకేం ఉండదు. నోటీసు రాయడం, సంఘం లెటర్‌ప్యాడ్ మీద ఉత్తరం మాత్రం సభ్యులకే ఉంచండి. ఉత్తరం వెళ్తే దాని కింద సంతకం మీది, లెక్క తప్పయితే జవాబు చెప్పాల్సిందీ మీరే. అందుకని బిల్లు బుక్కు, ఖాతా పుస్తకం కళ్లతో చూడకుండా ఏ ఉత్తరమూ పంపకండి, సభ్యుడు మీ బావమరిది అయినా సరే.